పన్నెండు వైపు, ఆరు వైపు: ఒక రబ్బరు వాచ్ బెల్ట్ కేస్ స్టడీ

20 మిల్లీమీటర్ల వెడల్పు రబ్బరు బెల్ట్, మడత పడి మూసుకునే ఫోల్డింగ్ లాక్, 200 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ ఉన్న డైవర్ వాచీ. వాచీ కొత్తది, అద్దం మీద గీత కూడా లేదు. బెల్ట్‌ను మాత్రం అప్పటికే ఇంట్లో కోసేశారు. కంప్లైంట్ రెండు ముక్కల్లో చెప్పొచ్చు: చేతికి ఇంకా లూజు, పైగా డయల్ ఎప్పుడు చూసినా బొటనవేలు వైపుకు ఒరిగిపోతోంది.

తెచ్చింది దేవరకొండ వైపు జూనియర్ కాలేజీలో పనిచేసి రిటైరైన లెక్చరర్ గారు. సన్నటి చెయ్యి. కూతురు, అల్లుడు విదేశం నుంచి వస్తూ తెచ్చిన వాచీ. జనవరిలో ఒక పొద్దున నల్గొండ గడియారం సెంటర్ దగ్గరున్న మా షాపుకు వచ్చి, వాచీని, దాంతోపాటు ఒక కాగితం పొట్లాన్ని కౌంటర్ మీద పెట్టారు.

“తమ్మీ, మా అల్లుడు ఐదు ముక్కలు కోసిండు. అయినా గాజు లెక్క తిరుగుతనే ఉన్నది. ఇంకా కోద్దమంటే నాకు టెన్షన్ అయితున్నది.”

“ఏ దిక్కు కోసిండ్రు సార్?”

“పొడుగున్న దిక్కే. పొడుగున్నదాన్నే కదా కోయాలె.”

పొట్లం విప్పితే ఐదు ముక్కలూ ఉన్నాయి. వాటిని పారేయకుండా తెచ్చినందుకు సార్‌కు అక్కడే దండం పెట్టాను. ముక్కలుంటే కంపెనీ నుంచి వచ్చినప్పుడు బెల్ట్ ఎంత పొడవుందో కొలిచి చెప్పొచ్చు. లేకపోతే ఊహించుకోవాలి.

ఈ రకం బెల్ట్ మన దగ్గర అందరికీ తెలిసింది కాదు కాబట్టి కొంచెం చెప్పాలి. మా నాన్న కూర్చున్న రోజుల్లో వచ్చేవన్నీ తోలు బెల్ట్‌లు, లేదా స్టీలు చైన్లు. హెచ్‌ఎంటీ సిటిజెన్ కంపెనీ సాయంతో బెంగళూరులో 1961లో వాచీల తయారీ మొదలుపెట్టిన దగ్గర్నుంచి, మూతబడే దాకా, ఆ వాచీలకు బెల్ట్ లూజైతే పంచ్‌తో ఇంకో రంధ్రం కొట్టేవాళ్ళం, చైను లూజైతే లింకు తీసేవాళ్ళం. తీసిన లింకును మళ్ళీ పెట్టుకోవచ్చు. ఈ ఫోల్డింగ్ లాక్ రబ్బరు బెల్ట్‌లో ఆ వెసులుబాటు లేదు. బెల్ట్ రెండు సగాల లోపలి వైపు, లాక్ దగ్గర, అడ్డంగా సన్నటి గాళ్ళు ఉంటాయి. ప్రతి రెండు గాళ్ళ మధ్యా స్ప్రింగ్ పిన్ను దూరే సన్నటి రంధ్రం ఒకటి అచ్చులోనే వస్తుంది. గాడి మీద కోస్తే ఆ తర్వాతి రంధ్రం చివరిది అవుతుంది, లాక్ పిన్ను అందులో పడుతుంది. కోసిన ముక్కను మళ్ళీ అతికించే జిగురు ఏదీ లేదు. ఫెవిక్విక్ అంటారు కొందరు. ఎండలో చెమటకు అది ఒక్క వారం కూడా నిలవదు, పైగా గట్టిపడి చర్మానికి గీసుకుంటుంది.

ఈ బెల్ట్‌లో గాళ్ళ మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. ఒక్కో వైపు ఐదు కోతలకు అవకాశం. పన్నెండు అంకె వైపు సగం 62 మిల్లీమీటర్లు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆరు అంకె వైపు సగం మొదట 74. ఐదు కోతలూ అటే పడ్డాయి కాబట్టి మిగిలింది 49. అటువైపు ఇంక కోయడానికి గాడే లేదు.

అసలు జబ్బు ఇక్కడుంది. కంపెనీ వాడు ఆరు వైపును 12 మిల్లీమీటర్లు పొడుగ్గా ఊరికే పెట్టలేదు. లాక్ ఇనుపముక్క, వంగదు. మణికట్టు కింద చదునుగా ఉన్నచోట కూర్చుంటేనే అది కుదురుగా ఉంటుంది. ఆ చోటు సరిగ్గా నడిమధ్య ఉండదు, చిటికెనవేలు వైపుకు కొంచెం జరిగి ఉంటుంది. ఆ జరుగుడు కోసమే ఒక సగం పొడుగు, ఒక సగం పొట్టి. ఇప్పుడు సార్ బెల్ట్‌లో లెక్క తిరగబడింది: పన్నెండు వైపు 13 ఎక్కువ. ఉండాల్సిన దానికీ ఉన్నదానికీ తేడా 25, అందులో సగం అంటే పన్నెండున్నర మిల్లీమీటర్లు లాక్ బొటనవేలు వైపుకు పోయింది. పోయి అక్కడ ఆగుతుందా అంటే ఆగదు. చదును వెతుక్కుంటూ కిందికి జారుతుంది. అది కింద చిటికెనవేలు దిక్కుకు జారితే పైన వాచీ బొటనవేలు దిక్కుకు తిరుగుతుంది. సార్ చెప్పిన రెండో కంప్లైంట్ ఇదే. బెల్ట్ ఎంత టైట్ చేసినా ఇది పోదు, ఇంకా ఇబ్బంది పెడుతుంది.

కొలత దగ్గర తొందరపడకూడదు. టైలర్ టేపుతో చెయ్యి చుట్టూ కొలిచి, అంతే పొడవుకు బెల్ట్ కోసేస్తే ఖాయంగా పొట్టిదవుతుంది. రబ్బరు బెల్ట్ మందంగా ఉంటుంది, ఇది 4 మిల్లీమీటర్లు. పిన్ను రంధ్రాలు ఆ మందం మధ్యలో, అంటే చర్మానికి 2 మిల్లీమీటర్ల పైన ఉంటాయి. చుట్టు కొలతలో ఆ 2 మిల్లీమీటర్లు రెండింతలై, దాన్ని 3.14తో గుణిస్తే పన్నెండున్నర దాకా తేలుతుంది. తోలు బెల్ట్‌కు ఇంత తేడా రాదు, అందుకే పాత అలవాటుతో రబ్బరు కోసేవాళ్ళు దెబ్బతింటారు.

సార్ చెయ్యి 160 మిల్లీమీటర్లు. కాగితం పట్టీని మణికట్టు ఎముక వెనక చుట్టి, వాచీ నడుమ ఎక్కడ ఉండాలో పైన ఒక గుర్తు, కింద చదును ఎక్కడుందో ఇంకో గుర్తు పెట్టాను. 160కి మందం లెక్క పన్నెండున్నర, గాలి ఆడడానికి నాలుగున్నర. మొత్తం చుట్టు 177 కావాలి. ఇప్పుడున్నది: వాచీ బాడీలో పిన్నుకూ పిన్నుకూ మధ్య 44, లాక్ మూసినప్పుడు 32, బెల్ట్ సగాలు 62, 49. మొత్తం 187. అంటే ఇంకో 10 తగ్గించాలి. ఇది దగ్గరి లెక్క మాత్రమే. వాచీ అడుగు చదునుగా ఉంటుంది, చెయ్యి గుండ్రంగా ఉండదు, కాబట్టి చివరి మాట చేతిదే. కానీ లెక్క లేకుండా బ్లేడు ముట్టుకోకూడదు.

ఇంకొకటి, కొలిచింది జనవరి పొద్దున. ఆ వేళకు ఎవరి చెయ్యయినా సన్నగా ఉంటుంది. మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అదే చెయ్యి ఉబ్బుతుంది. తోలు బెల్ట్ అయితే చెమటకు కాస్త సాగి సర్దుకుంటుంది. ఈ గట్టి రబ్బరు సాగదు. అందుకే చెయ్యి సన్నగా ఉన్న పూట కొలిస్తే లాక్‌లో పిన్నును లోపలి రంధ్రంలో పెట్టి కోత నిర్ణయించాలి, ఉబ్బి ఉన్న సాయంత్రం కొలిస్తే బయటి రంధ్రంలో పెట్టి నిర్ణయించాలి. ఈ లాక్‌కు పన్నెండు వైపున రెండున్నర మిల్లీమీటర్ల ఎడంతో మూడు రంధ్రాలున్నాయి. బయటిదాన్నుంచి లోపలిదానికి మారిస్తే 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అల్లుడు గారు దీన్ని చూసినట్టు లేరు, పిన్ను కంపెనీ పెట్టిన చోటే, బయటి రంధ్రంలోనే ఉంది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? ఎవరికైనా ముందు తట్టేది, మిగిలిన పన్నెండు వైపును రెండు ముక్కలు కోసేయడం. 52, 49 అవుతాయి. చుట్టు 177, లూజు పోతుంది. సార్ కూడా అదే అడిగారు. కానీ ఆరు వైపు 12 ఎక్కువ ఉండాల్సింది పోయి 3 తక్కువగా ఉంటుంది. లాక్ ఏడున్నర మిల్లీమీటర్లు తప్పుతుంది. లూజుగా ఒరిగే వాచీ కాస్తా టైట్‌గా ఒరిగే వాచీ అవుతుంది. రెండో దారి కొత్త బెల్ట్ తెప్పించడం. ఒక సగం విడిగా దొరకడం కష్టం, మొత్తం జత కొనాలి, కంపెనీ రబ్బరు బెల్ట్ ధర వింటే సార్ మొహం మారింది.

మూడో దారి కోసం బెల్ట్ రెండు సగాలనూ వాచీ నుంచి విప్పి పక్కపక్కన పెట్టాను. వాచీ వైపు చివర రెండింటిదీ ఒకే అచ్చు, ఒకే వంపు. లాక్ వైపు వెడల్పు రెండిటికీ 18. పిన్ను రంధ్రాల సైజు ఒకటే. పైన కంపెనీ పేరు లేదు, అడ్డగీతల డిజైన్ మాత్రమే. తేడా ఒక్క పొడవులోనే. అంటే ఈ సగాలను అటుదిటు, ఇటుదటు మార్చి బిగించవచ్చు.

కోసేసిన 49 పన్నెండు వైపుకు పోయింది, కోయని 62 ఆరు వైపుకు వచ్చింది. లాక్‌ను మాత్రం మొదట ఎటు తిరిగి ఉందో అటే ఉంచాలి, దాన్ని తిప్పితే తెరుచుకునే దిక్కు మారిపోయి చేతికి అలవాటు పడదు. ఇప్పుడు లెక్క చూడండి. 62లో ఒక్క ముక్క తీస్తే 57. పన్నెండు వైపు లాక్ పిన్నును లోపలి రంధ్రంలోకి మారిస్తే 49 కాస్తా 44 పని చేస్తుంది. చుట్టు సరిగ్గా 177. ఆరు వైపు ఎక్కువ ఉన్నది 13, కంపెనీ ఇచ్చిన తేడా 12. లాక్ తప్పింది అర మిల్లీమీటరు. ఒక్క కోతతో రెండు కంప్లైంట్లూ తీరాయి.

ప్రతి బెల్ట్‌కూ ఇది కుదరదు. కొన్నిటికి పన్నెండు వైపు వంపు వేరు, ఆరు వైపు వంపు వేరు. కొన్నిటికి లాక్ ఒక పక్క పిన్నుతో, ఇంకో పక్క స్క్రూతో పడుతుంది. మార్చే ముందు రెండు సగాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూడాలి, అంచులు ఎక్కడా తప్పకూడదు.

కోయడానికి ముందు లాక్‌ను పూర్తిగా విప్పేశాను. లాక్ వేలాడుతుండగా కోసేవాళ్ళను చూశాను, చెయ్యి ఒక్కసారి ఊగితే గాడి దాటిపోతుంది. కోయబోయే గాడికి లోపలున్న రంధ్రంలో, అంటే మిగలబోయే వైపు రంధ్రంలో, ఒక పాత స్ప్రింగ్ పిన్ను దూర్చి ఉంచాను. అది గోడను లోపలినుంచి నిలబెడుతుంది. బెల్ట్‌ను లోపలి వైపు పైకి వచ్చేలా చెక్క మీద పెట్టి, రెండు చివరలనూ కొంచెం కిందికి వంచితే గాడి నోరు తెరుచుకుంటుంది. కొత్త కట్టర్ బ్లేడు, సబ్బు నీళ్ళలో ఒకసారి ముంచింది. పొడి బ్లేడుకు రబ్బరు పట్టుకుంటుంది, తడి బ్లేడు జారుతుంది. బ్లేడును గాడిలో నిటారుగా నిలిపి ఒక్క ఒత్తు. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే అంచు మెట్లుమెట్లుగా వస్తుంది.

కత్తెర ఎందుకు వద్దో అల్లుడు గారి కోతలో కనబడుతుంది. కత్తెర రెండు అంచులూ ఎదురెదురుగా రావు, ఒకదాని పక్కన ఒకటి జారతాయి. సన్నటి గుడ్డకు ఫరవాలేదు. 4 మిల్లీమీటర్ల రబ్బరు మాత్రం కోత పడేలోపు నలిగి పక్కకు తిరుగుతుంది. 49 సగం చివరను ఐ గ్లాస్, అంటే కంటికి పెట్టుకునే భూతద్దం, పెట్టి చూస్తే అంచు ఏటవాలుగా ఉంది. పైవైపు రబ్బరు సరిపడా ఉంది, కిందివైపు ఒక మూలన రంధ్రం దాకా గోడ ఒక మిల్లీమీటరు కూడా లేదు. లాక్ పిన్ను రోజంతా లాగేది ఆ గోడనే. ఇంక కోయడానికి గాడి లేదు కాబట్టి పలుచబడిన మూలను అలాగే వదిలి, పైన మిగిలిపోయిన మొనను మాత్రం బ్లేడుతో చదును చేశాను. ఆ మొన లాక్ లోపల గుచ్చుకుని గోడను ఇంకా బయటికి తోస్తోంది. సార్‌కు ఐ గ్లాస్ ఇచ్చి ఆ మూలను చూపించాను. ఎప్పుడైనా చిరిగేది అక్కడేనని, నెలకోసారి చూసుకొమ్మని చెప్పాను. దాచిపెట్టి పంపితే రేపు చిరిగిననాడు అది నా కోతే అవుతుంది.

కోత అంచును లైటర్‌తో కాల్చే అలవాటు కొందరికుంది. నైలాన్ దారానికి సరే. ఈ బెల్ట్ ఎఫ్‌కేఎం రబ్బరు, ఫ్లోరిన్ కలిసిన రకం. నూనె, చెమట, ఎండ దీన్ని అంత తేలిగ్గా ఏమీ చేయలేవు, అందుకే ఖరీదైన వాచీలకు వాడుతున్నారు. కాల్చితే మాత్రం హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. నల్గొండ వాళ్ళకు ఫ్లోరైడ్ పేరు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు, నీళ్ళలో తాగింది చాలు, షాపులో పీల్చడం ఎందుకు. అంచు గరుకుగా ఉంటే సన్నటి నీటి ఎమరీ కాగితంతో రెండుసార్లు రుద్దితే చాలు.

ఏ రబ్బరో తెలుసుకోవడం మంచిది కూడా. సిలికాన్ మెత్తగా ఉంటుంది, దుమ్మును, చొక్కా నూగును లాక్కుంటుంది. కోతలో చిన్న గాటు మిగిలినా అక్కడినుంచి చీలిపోతుంది, కాబట్టి దానికి ఇంకా పదును కావాలి. పాలీయురెథేన్ బెల్ట్‌లు, అంటే చవక డిజిటల్ వాచీలవి చాలావరకు, కొన్నేళ్ళకు తేమకు వాటంతటవే జిగురై ముక్కలవుతాయి. అవి కోతకు వచ్చినవి కావు, బకిల్‌కు రంధ్రాలున్నవి. వాటి తోక పొడుగైతే తోక కోసుకోవచ్చు, ఒక రూపాయి బిళ్ళ పెట్టి గుండ్రంగా గీసుకుని. నడుమ కోయకూడదు. రోలెక్స్ 2015లో తెచ్చిన ఆయిస్టర్‌ఫ్లెక్స్ చూడడానికి రబ్బరే గానీ లోపల లోహపు పట్టీ ఉంటుంది, దాన్ని కోయలేం, వేరే పొడవుది పెట్టుకోవాలి. అది నా కౌంటర్ మీదికి వచ్చే వాచీ కాదనుకోండి, కానీ పెళ్ళిళ్ళ సీజన్లో దాని డూప్లికేట్లు బోలెడు వస్తాయి, వాటిలో ఏముందో కోసే దాకా ఎవరికీ తెలియదు. గాడి లేని బెల్ట్‌ను నేను ముట్టుకోను.

బిగించాక సార్‌ను వెంటనే పంపలేదు. రబ్బరు బెల్ట్ సరిపోయిందా లేదా నిలబడి చూస్తే తెలియదు. పిడికిలి బిగించమన్నాను, చెయ్యి వెనక్కి వంచమన్నాను, కౌంటర్ మీద అరచెయ్యి ఆనించి బరువు వెయ్యమన్నాను. చివరిదాంట్లో మణికట్టు వెడల్పవుతుంది, లాక్ నొక్కుకుంటే అక్కడే బయటపడుతుంది. చిటికెనవేలు బెల్ట్ కింద కష్టంగా దూరింది. వాచీ పైన నిలిచింది. సార్ బజారంతా తిరిగి, చాయ్ తాగి వచ్చారు, డయల్ పెట్టిన చోటే ఉంది.

“ఒక్క ముక్కకేనా ఇంతసేపు?” అన్నారు డబ్బులిస్తూ. కోతకు మేం తీసుకునేది తక్కువే. లెక్కకు డబ్బులు అడిగితే నల్గొండలో ఎవరూ ఇయ్యరు, కాబట్టి రెండూ కోత కిందే రాస్తాను.

మే నెలలో మళ్ళీ వచ్చారు. చర్మం మీద లాక్ ముద్ర పడుతోంది. అనుకున్నదే. పిన్నును లోపలి రంధ్రం నుంచి మధ్య దానికి మార్చాను, రెండున్నర మిల్లీమీటర్లు వదులైంది, ఇంకో రంధ్రం చేతిలో ఉంది. పలుచటి మూలను ఐ గ్లాస్‌తో చూశాను, పగులు లేదు, రంధ్రం మాత్రం ఆ పక్కకు కొంచెం కోలగా సాగింది. ఈ బెల్ట్ ఎంతకాలం వస్తుందో చెప్పలేనని, కొత్తది తెప్పించుకునే ఆలోచన ఉంటే ఇప్పటినుంచే అల్లుడు గారికి చెప్పి పెట్టమని అన్నాను. సబ్బుతో కడిగి, లాక్ లోపల చేరిన తెల్లటి చెమట ఉప్పును పాత బ్రష్‌తో తీసిచ్చాను. దద్దుర్లు వచ్చాయని రబ్బరును తిట్టేవాళ్ళలో చాలామందికి కారణం ఆ ఉప్పు, తడి చర్మమే.

కొత్త బెల్ట్ వచ్చిన రోజు ఎక్కడ కోయించుకున్నా పనికొస్తుందని వాచీ డబ్బాలో పెట్టుకోవడానికి ఒక చీటీ రాసిచ్చాను: పన్నెండు వైపు మూడు ముక్కలు, ఆరు వైపు మూడు ముక్కలు, బ్లేడుతో. చలికాలం పిన్ను లోపలి రంధ్రంలో, ఎండాకాలం బయటిదాంట్లో. కోసిన ముక్కలు సార్‌కే ఇవ్వాలి.